ఎదుటి చేతిలో ముక్కలు, గోడ వెనక నీళ్లు

మా ఆవిడ పాతికేళ్లపాటు ఒకటే మాట అంది: “నువ్వు బాయిల నేర్చుకున్నది తక్కువ, క్లబ్బుల నేర్చుకున్నది ఎక్కువ.” బాయి అంటే మా వైపు బొగ్గు గని. ఆమె తిట్టడానికే అనేది. నేను నవ్వేసి చెప్పులు వేసుకుని క్లబ్బుకు పోయేవాణ్ణి. రిటైరయ్యాక తీరిగ్గా కూర్చుని ఆలోచిస్తే ఆమె అన్నది అక్షరాలా నిజమని తేలింది. ఈ సంగతి ఆమెకు ఇంకా చెప్పలేదు.

గోదావరిఖనిలో నేను గని సర్వేయరుగా పనిచేశాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నాకు ఏ ప్రమోషన్ ఎప్పుడొచ్చిందో, ఏ ఫైలు ఏ బల్ల మీద ఎన్నాళ్లు నిద్రపోయిందో మీకు అనవసరం. సర్వేయరు పని ఒక్క ముక్కలో చెబుతాను. భూమి కింద మనవాళ్లు ఎక్కడ తవ్వుతున్నారో, వాళ్ల ముందు ఏముందో కాగితం మీద చూపించాలి. ఎక్కడ తవ్వుతున్నారో కొలిచి చెప్పొచ్చు. ముందు ఏముందో మాత్రం అంచనా కట్టాలి. ఆ అంచనా కట్టడం నాకు ఏ కాలేజీలోనూ, ఏ పెద్దసారూ నేర్పలేదు. పదమూడు ముక్కల రమ్మీ నేర్పింది. నమ్మకపోతే చివరిదాకా చదవండి, తర్వాత తిట్టండి.

క్లబ్బులో నా పరువు

ఎనభయ్యో దశకం చివర్లో సంగతి. మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి, సాయంత్రం అయిదుకల్లా క్లబ్బులో ఉండేవాణ్ణి. మా బల్ల దగ్గర ఆడేది ముగ్గురం. డబ్బులు పెట్టే ఆట కాదు. ఎవరికి ఎక్కువ పాయింట్లు పడితే వాడు అందరికీ చాయ్, మిరపకాయ బజ్జీలు తెప్పించాలి. దాదాపు ప్రతి సాయంత్రం తెప్పించేది నేనే. బజ్జీల బండి ఆయన నన్ను దూరం నుంచి చూస్తేనే నూనె పెట్టేవాడు.

నన్ను ఓడించేది సమ్మయ్య. మా గనిలోనే ఓవర్‌మన్, అంటే ఒక తవ్వకపు ప్రాంతానికి, అందులోని మనుషులకు పెద్ద. నాకంటే పదేళ్లు పెద్దవాడు. చామనఛాయ, పెద్ద మీసం, ఎప్పుడూ నోట్లో వక్కపలుకు. ముక్కలు ఎలాంటివి వచ్చినా ఆ మొహంలో మార్పుండదు. నేను ఆయన మొహంలోకి చూస్తూ కూర్చునేవాణ్ణి. కనుబొమ్మ కదిలితే జోకర్ వచ్చిందని, వక్క నమిలితే ఆట దగ్గర పడిందని ఊహించుకునేవాణ్ణి. ఒక్కటీ నిజమయ్యేది కాదు.

మూడో మనిషి గఫూర్ సాబ్. ల్యాంపు రూములో పని. గనిలోకి దిగే ప్రతి మనిషికీ టోపీ లైటు ఇచ్చేదీ, పైకి వచ్చాక తిరిగి తీసుకునేదీ ఆయనే. గెలవాలని ఆయనకు పెద్ద యావ ఉండేది కాదు, కానీ ఓడేవాడు కాదు. రెండూ ఎలా కుదురుతాయో నాకు చాలా రోజులు అర్థం కాలేదు.

ఇస్పేటు ఆరు

ఒకరోజు నా చేతికి మంచి ముక్కలు వచ్చాయి. ఇస్పేటు ఐదు, ఇస్పేటు ఏడు ఉన్నాయి, మధ్యలో ఆరు వస్తే ఆట అయిపోతుంది. రెండు కట్టలతో ఆట కాబట్టి ఇస్పేటు ఆర్లు రెండుంటాయి. కింద ఇస్పేటు ముక్కలు చాలా పడ్డాయి, సమ్మయ్య ఒక్కటీ ఎత్తలేదు. గఫూర్ సాబ్ తన చేతిలోంచి ఇస్పేటు ఎనిమిది పడేసినా ఆయన దాని వంక చూడలేదు. ఇంకేముంది, ఆయన దగ్గర ఇస్పేట్లు లేవు, రెండు ఆర్లూ మూసిన కట్టలోనే ఉన్నాయని తేల్చుకుని, పెద్ద పెద్ద ముక్కలు చేతిలో పెట్టుకుని కూర్చున్నాను.

సమ్మయ్య ఆట చూపించాడు. ఇస్పేటు ఐదు, ఆరు, ఏడు వరసగా ఉన్నాయి. రెండో ఇస్పేటు ఆరు మరో రెండు ఆర్ల పక్కన కూర్చుంది.

“గిదేందన్నా, ఇస్పేటు ఒక్కటి గూడ ఎత్తకపోతివి గదా!” అన్నాను. ఏడుపొక్కటే తక్కువ.

“పంచినప్పుడే వచ్చినయ్ తమ్మీ. చేతిల ఉన్నదాన్ని కిందికెల్లి ఎత్తుడేంది?” అన్నాడు సమ్మయ్య, వక్క ఇటు నుంచి అటు మార్చి.

ఆరోజు చాయ్ తాగేటప్పుడు గఫూర్ సాబ్ నన్ను పక్కకు పిలిచాడు.

“మియా, నువ్వు మనిషి మొకం చూస్తున్నవ్. మొకం అబద్ధం చెప్తది. ముక్కలు చూడు. ఇంకోటి, నువ్వు ఆయన చేతిల గీ ఒక్క ముక్క ఉన్నది, గా ఒక్క ముక్క లేదు అంటున్నవ్. గట్ల ఎవరు చెప్తరు? అల్లాకే తెల్వాలె. నువ్వు ఏం జెయ్యాలెనంటే, ఏమేం ఉండొచ్చునో అన్నీ పెట్టుకో. ఒక్కొక్క ముక్క పడుతుంటే ఒక్కొక్కటి కొట్టెయ్.”

ఇంత పెద్ద రహస్యం చాయ్ గ్లాసు ఊదుకుంటూ చెప్పేశాడు. నేను ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. నిజంగానే. ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

చిట్టా

మర్నాడే ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు కొన్నాను. నవ్వకండి. పేకాట చదువుకున్నవాణ్ణి మా కాలనీలో నేనొక్కణ్ణే.

మా బల్ల దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఆట ముగిశాక పాయింట్ల లెక్క కోసం అందరూ ముక్కలన్నీ పరచాలి, ఎవరూ కలిపెయ్యకూడదు. గఫూర్ సాబ్ దాన్ని నాకు బడిగా మార్చాడు. ఎవరైనా “ఆట” అన్న వెంటనే, ముక్కలు పరిచేలోపు, సమ్మయ్య చేతిలో ఏమేం ఉండొచ్చో నేను నోటుబుక్కులో రాసెయ్యాలి. ఒకటి కాదు, ఉండగలిగినవన్నీ. దాన్ని చిట్టా అనేవాళ్లం. తర్వాత ముక్కలు పరిస్తే నా చిట్టాలో ఆ చెయ్యి ఉందా లేదా తెలిసిపోతుంది.

ఆయన పెట్టిన షరతు ఒక్కటే. “ఏదన్న గీత కొట్టినవనుకో, ఏ ముక్క చూసి కొట్టినవో పక్కన రాయి. ముక్క లేకుండ గీత కొట్టకు.”

మొదటి నెలంతా అవమానమే. సమ్మయ్యకు ఇదంతా పెద్ద తమాషా. “సర్వేరు సారు నా చెయ్యి కొలుస్తున్నడు, జర చైను పట్టుండ్రి” అని క్లబ్బంతా వినబడేలా అనేవాడు. నేను ఇంట్లో మంచం మీద ముక్కలు పరిచి, ఆనాడు పడినవి పడిన వరసలో మళ్లీ పెట్టి చూసుకునేవాణ్ణి. ఆయన ఆటీను తొమ్మిది ఎప్పుడు పడేశాడు, దానికి ముందు ఏం ఎత్తాడు, ఎత్తి ఎంతసేపు పట్టుకున్నాడు. ఆట మొదట్లోనే రాజును పారేస్తే రాజులు లేవని కాదు, నా చేత రాణిని పడేయించడానికి వేసిన ఎర కావచ్చు. కట్టలోంచి ఎత్తి అదే పడేస్తే చేయి మారలేదన్నమాట. ఎత్తి లోపల పెట్టుకుని ఇంకొకటి పడేస్తే, పడేసినదాని పక్క ముక్కలు ఇక అక్కర్లేదన్నమాట. ఇవన్నీ ఒక్కొక్కటే తెలుస్తుంటే, కరెంటు లేని ఇంట్లో ఒక్కో గదిలో లైటు వెలిగినట్టు ఉండేది.

నాలుగు నెలలకు నా చిట్టాలో నిజమైన చెయ్యి తప్పకుండా ఉండటం మొదలైంది. ఆరో నెలలో ఒక సాయంత్రం సమ్మయ్య కళావరు జాకీ కోసం కూర్చున్నాడని నాకు తెలిసిపోయింది. నా చేతిలో రెండు కళావరు జాకీలూ ఉన్నాయి! నా ఆట పాడైనా సరే, రెండింటినీ పట్టుకుని కూర్చున్నాను. గఫూర్ సాబ్ గెలిచాడు. సమ్మయ్య ముక్కలు పరిచాడు. కళావరు పది, కళావరు రాణి, మధ్యలో ఖాళీ. నేను నా రెండు జాకీలనూ బల్ల మీద కొట్టాను.

సమ్మయ్య వక్క నమలడం ఆపేశాడు. “అరె! దొంగ నా కొడకా!” అన్నాడు. ఆరు నెలల్లో నాకు దొరికిన అతిపెద్ద సర్టిఫికెట్ అది. ఆరోజు బజ్జీలు కూడా ఆయనే తెప్పించాడు, ఇంకో ప్లేటు ఎక్కువే.

గోడకు అవతల

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

సమ్మయ్య ప్రాంతంలో కొత్త గ్యాలరీలు తవ్వుతున్నారు. గ్యాలరీ అంటే బొగ్గులో తొలుచుకుంటూ పోయే సొరంగం. అవి పోతున్న వైపు, చాలా ఏళ్ల కిందట మూతపడిన పాత గని ఒకటుంది. దాని నిండా నీళ్లు. పాత గనికీ మాకూ మధ్య బొగ్గు గోడ. ఆ గోడ పల్చబడితే నీళ్లు ఒక్క దెబ్బతో బద్దలు కొట్టుకుని వస్తాయి. షిఫ్టుకు ముప్పైమంది దాకా ఆ గోడ ముందే పనిచేసేవాళ్లు, అందరికంటే ముందు సమ్మయ్య.

పాత ప్లాను ప్రకారం గోడ తొంభై మీటర్లు. అరవై మీటర్ల దగ్గరకు వస్తే ముందు సన్నటి బోర్లు వేసి తడిమి చూడాలని నిబంధన. తొంభై అంటే ఇంకా ఆ అవసరం రాలేదు. అందరూ నిశ్చింతగా ఉన్నారు. నేను పాత ప్లానును భూతద్దంతో చూస్తుంటే, దాని మీద చివరిసారి కొలిచిన తేదీ కనబడింది. ఆ గని మూతపడింది ఆ తేదీ తర్వాత మూడు నెలలకు. ఆ మూడు నెలలూ వాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు కదా? తవ్విందంతా ప్లాను మీద లేదు. ఎక్కడ తవ్వారు?

భయం ఒక పాలు, ఉత్సాహం మూడు పాలు. ఇది అచ్చం సమ్మయ్య చెయ్యే! పాత గని మా వైపుకు చాచిన గ్యాలరీలు నాలుగు. చిట్టా రాశాను. ఒకటోది పెరిగి ఉండొచ్చు, రెండోది, మూడోది, నాలుగోది పెరిగి ఉండొచ్చు. ఏది ఎంత? పాత రికార్డు గదిలో దుమ్ములో కూర్చుని ఆ మూడు నెలల స్టోరు పుస్తకం పట్టాను. బొగ్గు మోసే టబ్బు బండ్లు నడవాలంటే పట్టాలు వెయ్యాలి. తవ్వకం ముందుకు పోతే పట్టాలు కావాలి. ఒకటి, రెండు, మూడు గ్యాలరీలకు కాసిని పట్టాలు ఇచ్చినట్టుంది. నాలుగోదానికి ఒక్కటీ లేదు.

నాలుగోదాన్ని గీత కొట్టాను. పక్కన షరతు ప్రకారం రాశాను: పట్టాలు తీసుకోలేదు.

ప్లాను చంకలో పెట్టుకుని మేనేజరు గారి గదికి దాదాపు పరుగెత్తాను. ఆయన కోస్తా జిల్లాల నుంచి వచ్చినవారు. పని తెలిసిన మనిషి, నిజాయితీపరుడు, మాట మాత్రం కొరడా. మంచి పైవాళ్లలో కూడా ఒక బలహీనత ఉంటుంది, వాళ్లకు ఒక్క అంకె కావాలి.

“గోడ ఎంతుందో ఒక్క మాటలో చెప్పండి,” అన్నారు.

“ఒక్క మాటలో చెప్పలేను సార్. తొంభై ఉండొచ్చు, డెబ్బై ఉండొచ్చు. ముందు బోర్లు వేసి చూడాలి.”

“బోరు మిషను పెడితే అక్కడ బొగ్గు ఆగిపోద్ది. నిబంధన ప్రకారం అవసరం లేని చోట ఎన్ని బోర్లు వెయ్యమంటారు?”

“మూడు. ఒకటి, రెండు, మూడు గ్యాలరీల ఎదురుగా. నాలుగోదాని వైపు భయం లేదు.”

ఆయన కాసేపు ప్లాను చూసి సరేనన్నారు. నేను గాల్లో తేలుతూ బయటకొచ్చాను. ఇంత బాగా చదివిన చెయ్యి నా జన్మలో లేదనుకున్నాను.

గఫూర్ సాబ్ గీత చూశాడు

సాయంత్రం క్లబ్బులో గొప్ప చెప్పుకోవడానికి నోటుబుక్కు గఫూర్ సాబ్ ముందు పెట్టాను. సమ్మయ్య ఇంకా రాలేదు. సాబ్ కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కో వరసా చదివాడు. తెలుగు మెల్లగా కూడబలుక్కునేవాడు. నాలుగో వరస దగ్గర వేలు ఆగింది.

“పట్టాలు తీసుకోలే. అంటే, ఎత్తలే?”

“ఎత్తలే సాబ్. స్టోరు పుస్తకంల ఒక్కటి గూడ లేదు.”

“మియా, ఇస్పేటు ఆరు యాదికున్నదా?”

మూతపడబోయే గనికి కావలసినన్ని కొత్త పట్టాలు ఎవరిస్తారు? అయిపోయిన గ్యాలరీలోంచి పీకి, తవ్వే గ్యాలరీలో వేసుకుంటారు. మా గనిలోనే నా కళ్లముందు ఇరవైసార్లు జరిగింది. పీకిన పట్టాలకు స్టోరులో రాత ఉండదు. చేతిలో ఉన్నదాన్ని కిందినుంచి ఎత్తరు. ఆరు నెలలు చదివి, మూడు నోటుబుక్కులు నింపి, మొదటిరోజు చేసిన తప్పే మళ్లీ చేశాను. అప్పుడు పోయింది బజ్జీలు. ఇప్పుడు నాలుగో గ్యాలరీకి ఎదురుగా ఉన్నది సమ్మయ్య మనుషులు.

అసలు సంగతి ఇంకొకటుంది, సిగ్గు విడిచి రాస్తున్నాను. ఆ గీత నా చేత కొట్టించింది పట్టాలు కాదు. మూడు బోర్లయితే మేనేజరు ఒప్పుకుంటారు, నాలుగంటే కసురుతారన్న భయం నాకు ముందునుంచీ ఉంది. నాలుగోది లేకపోతే బాగుండునని నాకే ఉంది. పుస్తకంలో సాకు దొరకగానే కొట్టేశాను. పిల్లలూ, ఇక్కడ జాగ్రత్త. మనకు ఇష్టంలేని చెయ్యినే మనం ముందుగా కొట్టేస్తాం.

గఫూర్ సాబ్ నా పెన్ను తీసుకుని, నేను కొట్టిన గీత కింద ఆ వరసను ఉర్దూలో మళ్లీ రాశాడు. “జల్ది పో. పొద్దుగాలనే సారుకు చెప్పు,” అన్నాడు.

నాలుగో బోరు

పొద్దున ఎనిమిదింటికి మేనేజరు గారి తలుపు దగ్గర నిలబడ్డాను.

“నిన్న మూడన్నారు. ఇవాళ నాలుగంటున్నారు. రేపొచ్చి అయిదంటారా? నేనిక్కడ బొగ్గు తియ్యాలా, మీ ప్లానులు చూసుకుంటూ కూర్చోవాలా?”

“నిన్న నేను తప్పు చేశాను సార్.”

ఆయన కలం కింద పెట్టారు. “ఆ మాట రాసిస్తారా?”

“రాసిస్తాను.”

రాసిచ్చాను. ఉద్యోగం మీదకు వస్తుందేమోనని అనుకుంటూనే. ఆయన చదివి, సొరుగులో పెట్టి, “నాలుగోదే ముందు వెయ్యండి,” అన్నారు. ఆ ఒక్క మాటకు ఆయనంటే ఇప్పటికీ నాకు గౌరవం.

బోరు మిషను దగ్గర సమ్మయ్య తానే నిలబడ్డాడు. మనుషుల్ని వెనక్కి పంపేశాడు. గోడలో ముందుగా ఒక ఇనుప పైపు గట్టిగా బిగించి, దానికి వాల్వు పెట్టి, అందులోంచి రాడ్లు దింపుతున్నారు. ఒక్కో రాడ్డు మీటరున్నర. నేను పక్కన నిలబడి లెక్కపెడుతున్నాను. పది రాడ్లు పోయాయి, బొగ్గు పొడి, ఏమీ లేదు. పదిహేను. సమ్మయ్య నా వైపు చూసి, “ఏం తమ్మీ, గియ్యాల బజ్జీలు ఎవరియి?” అన్నాడు.

పద్దెనిమిదో రాడ్డు సగంలో మిషను ఒక్కసారి ఊగింది. రాడ్డు దానంతటదే వెనక్కి తోసుకొచ్చింది. కుళ్లిన గుడ్ల వాసన, వెంటనే నల్లటి నీళ్లు పైపులోంచి జల్లున కొట్టాయి. “వాల్వు! వాల్వు బందు పెట్టు!” అని సమ్మయ్య అరుస్తూ తానే చక్రం తిప్పాడు. నేనూ పట్టుకున్నాను. ఇద్దరం తలనుంచి కాళ్లదాకా తడిసిపోయాం. నీళ్లు ఆగాయి.

ప్లాను తొంభై మీటర్లంది. ఇరవై ఏడో మీటరు లోపలే నీళ్లు. ఆ మూడు నెలలూ వాళ్లు ఉన్న బలగమంతా నాలుగోదాంట్లోనే పెట్టారు. మా తవ్వకం అదే జోరుతో పోయి ఉంటే నెల తిరిగేది కాదు. మిగతా మూడు బోర్లూ తర్వాత వేశాం, పొడిగానే ఉన్నాయి. నేను ముందు అడిగిన మూడూ.

పైకి వచ్చేటప్పుడు నాకు ఆగకుండా నవ్వొచ్చింది. సంతోషం, వణుకు, అన్నీ కలిసి. ల్యాంపు రూములో లైటు తిరిగి ఇస్తుంటే గఫూర్ సాబ్ నా తడిబట్టలు చూశాడు. ఆయన సమ్మయ్య మనుషుల లైట్లు ఒక్కొక్కటే తీసుకుని, అన్నీ వచ్చాయో లేదో రెండుసార్లు చూసుకున్నాడు.

పేరు

మర్నాడు సాయంత్రం క్లబ్బులో సందడే సందడి. సమ్మయ్య నా వీపు మీద చరిచి, “ఎట్ల పట్టినవ్ తమ్మీ? నాలుగో దాంట్లనే ఉన్నయని ఎట్ల తెలిసింది?” అన్నాడు. చుట్టూ పదిమంది వింటున్నారు. అవునన్నా, చదివి పట్టేశాను అంటే సరిపోయేది. అనాలని కూడా అనిపించింది.

నోటుబుక్కు తెరిచి ఆయన ముందు పెట్టాను. “నేను పట్టలే అన్నా. నేను కొట్టేసిన. సాబ్ మళ్ల రాసిండు.”

సమ్మయ్య ఆ పేజీని చాలాసేపు చూశాడు. నా గీత, దాని కింద ఉర్దూ రాత. వక్క నమలడం లేదు.

“గీ గీత కింద ఉన్నది నేనేనా?”

“అవునన్నా.”

కోప్పడతాడనుకున్నాను. కోప్పడితే బాగుండేది. ఆయన నా జేబులోంచి పెన్ను తీసుకుని, నేను రాసిన ‘పట్టాలు తీసుకోలేదు’ పక్కన పెద్ద అక్షరాలతో ‘సమ్మయ్య’ అని రాశాడు.

“ముక్క పేరు రాస్తె సరిపోదు. ఇంకోసారి గీత కొట్టేటప్పుడు, దాని ముందట ఎవడు నిలబడ్డడో వాని పేరు గూడ రాయి. అప్పుడు కొట్టు, సూద్దాం.”

రిటైరయ్యేదాకా అలాగే రాశాను. పేరు రాశాక గీత కొట్టడానికి చెయ్యి రాక, మళ్లీ కిందికి దిగి చూసి వచ్చిన రోజులు చాలా ఉన్నాయి.

ఆ సాయంత్రం సమ్మయ్య కట్ట కోసి నా ముందుకు తోశాడు. “పంచు తమ్మీ, ఇగ నా చెయ్యి కొలువు,” అన్నాడు. నేను కట్ట అందుకుని పంచబోతే ముక్కలు బల్లంతా చెదిరిపోయాయి. గఫూర్ సాబ్ వాటిని ఏరి, సర్ది, ముగ్గురికీ తనే పంచాడు.